మొరం దిబ్బ మీద జొజోబా

పాతికేళ్లుగా అనంతపురంలో బ్యూటీ పార్లర్ నడుపుతున్నాను. ఈ పాతికేళ్లలో జొజోబా నూనె ఎన్ని మొహాలకు రాశానో నాకే తెలియదు. చిన్న సీసా, లేత బంగారు రంగు, వాసన ఉండీ లేనట్టుగా ఉంటుంది. రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని రాస్తే జిడ్డు తేలకుండా చర్మంలో కలిసిపోతుంది. అది ఎడారి పొద గింజల్లోంచి తీస్తారని సీసా మీద రాసి, పక్కన ఒంటె బొమ్మ వేస్తారు. ఆ పొద ఎలా ఉంటుందో నేను ఎన్నడూ చూడలేదు. చూస్తే గీస్తే రాజస్థాన్ వెళ్లినప్పుడు చూస్తానులే అనుకునేదాన్ని. చివరికి చూసింది ఖమ్మం దాటి, పాల్వంచ దాటి, ఇంకాస్త పోతే గోదావరి వస్తుందనగా, అడవి అంచున ఒక ఎర్రమట్టి దిబ్బ మీద. పోయిన మాఘమాసంలో అక్కడ గడిపిన మూడు రోజుల సంగతి ఇది.

ఖమ్మంలో పెళ్లికూతురి కన్నీళ్లు

హాస్టల్లో నాతో చదివిన సరళ ఖమ్మంలో స్థిరపడింది. వాళ్లమ్మాయి పెళ్లికి అలంకరణ నేనే చేయాలని పట్టుబట్టింది. మేకప్ పెట్టె పట్టుకుని రైలెక్కాను.

ఫంక్షన్ హాలు మిర్చి యార్డుకు దగ్గర. మాఘంలో ఖమ్మానికి మిరపకాయ లారీలకు లారీలుగా వస్తుందని నాకు తెలియదు. పెళ్లికూతురికి కాటుక దిద్ది, కనురెప్పలు అంటించి, అద్దం చేతికిచ్చానో లేదో కిటికీలోంచి ఒక గాలి వచ్చింది. ఆ పిల్ల వరసగా ఏడు తుమ్ములు తుమ్మింది. కళ్లలోంచి ధారలు కారి కాటుక బుగ్గల మీదికి వచ్చేసింది. అదే సమయానికి గదిలోకి వచ్చిన మేనత్త అది చూసి, పుట్టిల్లు విడిచిపోతున్నందుకు ఏడుస్తోందనుకుని తానూ మొదలుపెట్టింది. ఆవిడను చూసి ఇంకో నలుగురు. నేను కిటికీ మూయడానికి పరుగెత్తుతూ నాలుగు తుమ్మేసరికి, "చూశారా, పార్లరావిడ కూడా ఆగలేకపోతోంది" అంది ఎవరో. ముహూర్తానికి ఇంకా గంట ఉంది కాబట్టి బతికిపోయాను. మొహం మొత్తం కడిగి మళ్లీ మొదటి నుంచి చేశాను.

భోజనాల్లో జొన్నరొట్టె కూడా వడ్డించారు. మా వైపు రాగిసంకటిని ఇంకా పెళ్లి విస్తట్లోకి ఇంత ధైర్యంగా తేలేదు. గోంగూర పచ్చడిలో పచ్చి ఉల్లిపాయ నంజుకుని నేనూ రెండు రొట్టెలు తిన్నాను.

సాయంత్రం సామాను సర్దుకుంటుంటే సరళ పెద్దమ్మ అనసూయమ్మగారు పక్కన కూర్చున్నారు. అరవై అయిదేళ్లుంటాయి, సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. నా సీసాలు ఒక్కొక్కటే తీసి చూస్తూ ఒకదాని దగ్గర ఆగిపోయారు.

"జొజోబా అంటే... ఒంటె బొమ్మ వేశారు, అదేనా? ఈ చెట్లు మా ఇంటి దగ్గర ఉన్నాయమ్మా."

నేను నమ్మలేదు. ఆవిడ ఆకు ఎలా ఉంటుందో, గింజ ఎలా ఉంటుందో చెప్పింది. ఆ తర్వాత గొంతు తగ్గించింది.

"చూడాలనుంటే రేపే రావాలి. సోమవారం జేసీబీ వస్తోంది. మా అబ్బాయి పీకించేస్తున్నాడు."

ఆ రోజు శుక్రవారం. తిరుగు టికెట్ మార్చుకున్నాను.

పాల్వంచలో పునుగులు

మర్నాడు అనసూయమ్మగారితో బస్సెక్కాను. ఆవిడ ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ ఆడవాళ్లకిచ్చే ఉచిత సున్నా టికెట్ చింపి ఇచ్చింది. నేనూ ధీమాగా నా కార్డు తీశాను. "ఆంధ్రాది ఈడ నడవదక్కా" అంది కండక్టర్ నవ్వుతూ. డబ్బులిచ్చి టికెట్ తీసుకున్నాను. బస్సులో నూటికి తొంభై మంది ఆడవాళ్లే. మగవాళ్లు నిలబడి, కూర్చున్న మమ్మల్ని చూస్తున్నారు.

పాల్వంచలో కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు చాలా ముందు నుంచే కనిపిస్తాయి. బస్సు ఆగగానే వేడి వేడి పునుగుల వాసన వచ్చింది. పెట్టె అనసూయమ్మగారికి అప్పజెప్పి దిగాను. పొట్లం చేతికి వచ్చేసరికి బస్సు కదిలిపోతోంది. అప్పటిదాకా గట్టిగా మాట్లాడని అనసూయమ్మగారు తలుపు దగ్గర నిలబడి, "ఆపండీ, మా పార్లరమ్మ కిందనే ఉంది!" అని కేక వేశారు. డ్యూటీ దిగి ఎక్కిన కార్మికులందరూ తలలు బయటపెట్టి చూస్తుండగా, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో, పునుగులు ఒక చేత్తో పట్టుకుని పరుగెత్తాను. "జల్దీ అక్కా, జల్దీ" అంటూ కండక్టర్ చెయ్యందించింది. ఆ పొట్లం చివరికి మా ముగ్గురి మధ్యా ఖాళీ అయింది.

దిబ్బ

ఊరి పేరు రాయవద్దని వాళ్లు అడిగారు కాబట్టి రాయడం లేదు. ఒక పక్క పామాయిల్ తోటలు, ఇంకో పక్క టేకు అడవి. వానలేని సీమ నుంచి వెళ్లిన నాకు ఆ పచ్చదనం చూస్తే కొంచెం ఈర్ష్య కలిగింది. ఫిబ్రవరిలో మా దగ్గర నేల పగుళ్లిస్తుంది. ఇక్కడ కాలవలో నీళ్లు పారుతున్నాయి.

రామకోటయ్యగారు గేటు దగ్గరే ఎదురుచూస్తున్నారు. అనసూయమ్మగారి భర్త. డెబ్బై దాటినా నిటారుగా ఉన్నారు. ఇరవయ్యేళ్ల వయసులో కృష్ణాజిల్లా నుంచి ఇక్కడికి వలస వచ్చారట. మాట ఇంకా ఆ వైపుదే, మధ్యమధ్యలో ఇక్కడి మాటలు కలుస్తాయి.

"దీన్ని చూడ్డానికి అనంతపురం నుంచి వచ్చారా అమ్మా?" అన్నారు. ఇంకేమీ అడక్కుండా ముందు నడిచారు.

ఇంటి వెనక మొరం దిబ్బ, అంతా ఎర్రటి కంకరమట్టి. దాని మీద అరవై దాకా పొదలు, మనిషి ఎత్తున, బూడిద కలిసిన పచ్చరంగులో. ఆకులు దళసరిగా, తోలులాగా ఉండి, ఎండకు చేతులు జోడించినట్టు నిటారుగా నిలబడ్డాయి. చుట్టూ ఉన్న పచ్చదనంలో ఇవి వేరే దేశం నుంచి వచ్చి మాట కలవక ఒక పక్కన నిలబడిపోయిన చుట్టాల్లా ఉన్నాయి. నేను వెళ్లి ఒక కొమ్మ పట్టుకున్నాను. పాతికేళ్ల పరిచయం ఉన్న మనిషిని మొదటిసారి చూసినట్టు అనిపించింది. చెప్పడానికి సిగ్గుగానే ఉంది కానీ కళ్లు చెమర్చాయి. అక్కడ మిర్చి యార్డు కూడా లేదు.

రామకోటయ్యగారు కథ చెప్పారు. పద్దెనిమిదేళ్ల క్రితం ఒక మనిషి రంగు కాగితాలు పట్టుకుని వచ్చాడు. నీళ్లు అక్కర్లేని మొక్క, గింజంతా నూనే, కొనడానికి మేమే వస్తాం అన్నాడు. నాలుగు వందల మొక్కలు అంటగట్టి పోయాడు. మళ్లీ కనపడలేదు. పల్లంలో పెట్టినవి మొదటి రెండు వానాకాలాలకే కుళ్లిపోయాయి. దిబ్బ మీదివి బతికాయి.

"అయిదో ఏట కొన్ని కాశాయమ్మా. ఒక తట్టెడు గింజలు. గోధుమరంగులో, సెనక్కాయ గింజ కంటే కాస్త పెద్దవి. సగం చెట్లు మాత్రం పూత పూసి ఊరుకున్నాయి. ఇంకో ఏడు చూశా. అంతే. సోమరివి ఎందుకు, పీకేస్తే మిగతా వాటికి బలం అందుతుందని వాటిని తీయించేశా. ఆ తరవాత ఏమైందో ఏమో, కాసేవి కూడా కాయడం మానేశాయి. పన్నెండేళ్లయింది. ఒక్క గింజ లేదు."

"మరి ఇన్నాళ్లు ఎందుకు ఉంచారు?"

"కాసిన చెట్లే కదమ్మా. ఒకసారి కాసిన చెట్టును పీకడానికి చెయ్యి రాదు."

కొడుకు శ్రీను కరెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. తల్లిదండ్రులతోనే ఉంటాడు. దిబ్బ చదును చేసి, పల్లంతో కలిపి పామాయిల్ పెడదామన్నాడు. రామకోటయ్యగారు సరేనన్నారు. అడిగి అడిగి అలిసిపోయిన కొడుకుకు కాదని చెప్పడానికి తన దగ్గర కారణం లేదన్నారు.

నేను ఆ సాయంత్రం చీకటి పడేదాకా దిబ్బ మీదనే తిరిగాను. ప్రతి పొదకూ ఆకు మొదట్లో చిన్న చిన్న ఆకుపచ్చ పూలు తల వంచుకుని వేలాడుతున్నాయి. రెక్కలు లేవు, రంగు లేదు. వెతికితే గానీ పువ్వని తెలియదు.

ముత్తమ్మ వాళ్ల గుంపు

ఆదివారం పొద్దున్నే ముత్తమ్మ వచ్చింది. దిబ్బ మీద మొక్కలు పెట్టిన నాటి నుంచి ఈ పొలంలో కూలికి వచ్చే కోయ ఆమె. వాళ్లు పది ఇళ్లు, పదిహేను ఇళ్లు ఒక చోట ఉంటే దాన్ని గుంపు అంటారు. ముత్తమ్మ వాళ్ల గుంపు అడవి వైపు రెండు కిలోమీటర్లు. వయసు అరవై పైనే అని అనసూయమ్మగారు చెప్పేదాకా నలభై అయిదనుకున్నాను. చెంపల మీద ఒక్క మచ్చ లేదు, ఒక్క ముడత లేదు. వృత్తి అలవాటు, ఊరుకోలేక అడిగేశాను.

"మొహానికి ఏం రాస్తావు ముత్తమ్మా?"

"ఏం రాస్త? ఇప్పనూనె. కూరకదే, నెత్తికదే, కాళ్లకదే. నువ్వేం రాస్తవ్?"

నా సీసా చూపించాను. వాసన చూసి, చేతి మీద చుక్క వేసుకుని రుద్ది, "మంచిగనే ఉంది. ఇంత చిన్న సీసా ఎట్ల సరిపోతది?" అంది. ఆమె అందరినీ నువ్వు అనే అంటుంది, రామకోటయ్యగారిని కూడా పేరు పెట్టి పిలుస్తుంది. అందులో అమర్యాద ఏమీ లేదు, వాళ్ల భాషలో మీరు అనే పట్టింపు లేదట. మా పార్లర్‌లో ఇరవయ్యేళ్ల పిల్లలు నన్ను మేడమ్ అన్నా లేని దగ్గరితనం ఆ నువ్వులో ఉంది.

ఇప్పనూనె కొనుక్కుందామని ఆమెతో బయల్దేరాను. నడకకు తోడుగా రామకోటయ్యగారు కూడా వచ్చారు.

గుంపులో అడుగు పెట్టగానే ముత్తమ్మ భర్త తాడిచెట్టు దిగుతున్నాడు. అతిథికి ముందు కల్లు పొయ్యాలి. తాటాకు మడిచి చేసిన దొప్ప చేతికిచ్చి పోశారు. మా అనంతపురంలో ఈతకల్లు తెలుసు గానీ ఆడవాళ్లం వీధిలో నిలబడి తాగిందెప్పుడు! నాలుగు గుక్కల్లో తియ్యగా, కొంచెం పుల్లగా దిగిపోయింది. రెండో దొప్పకు కాళ్లు నావి కాకుండా పోతాయని భయమేసి నీడకు కూర్చున్నాను.

"అది పోతుతాడి, గిది పెంటితాడి" అని ముత్తమ్మ చెట్లు చూపించింది. "పోతుకు కాయ రాదు. దాని పూత దుమ్ము గాలికి పోయి పెంటి మీద పడితే గప్పుడు ముంజలు."

నేను వింటూ ఆమె ఇంటి దడి వైపు చూశాను. దడిలో రెండు పొదలు. బూడిద పచ్చరంగు, నిటారు ఆకులు.

కల్లు వల్లనేమో అనుకుని దగ్గరికి వెళ్లాను. జొజోబానే. కానీ పూలు వేరు. తల వంచుకున్న ఆకుపచ్చ పూలు కావు. గుత్తులు గుత్తులుగా పసుప్పచ్చ పూత, ముట్టుకుంటే వేలికి పసుపు దుమ్ము అంటింది.

"ఇవి ఎక్కడివి ముత్తమ్మా?"

"రామకోటయ్య పీకిపారేసినయే. బతికున్న చెట్టు ఎండల పడి ఉంటే పానం ఒప్పలే. రెండు తెచ్చుకున్న. కాయలేం కావు, పోతులు గద."

నేను, రామకోటయ్యగారు ఒకరినొకరు చూసుకున్నాం. ఆయన నెమ్మదిగా నడిచి వచ్చి, ఆ గుత్తిని రెండు వేళ్లతో పట్టుకుని, దుమ్ము చూసుకున్నారు.

"పోతూ పెంటీ తాడిలో చూశా. బొప్పాయిలో చూశా. దీంట్లో తట్టలేదు నాకు. సోమరివని పీకేశా." తరవాత ముత్తమ్మ వైపు తిరిగారు. "నీకు తెలుసా అప్పుడే?"

"పీకేనాడే చెప్పిన. పోతులను అన్ని తీయకు, రెండు ఉంచు అన్న. నువ్వు అటు తిరిగి ఎవరితోటో మాట్లాడుతున్నవ్. నేను కూలికొచ్చినదాన్ని. ఇంకోసారి ఎందుకు చెప్త?"

ఆమె కోపంగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. అందుకే అది ఎక్కువ తగిలింది.

"చెప్పే ఉంటావు ముత్తమ్మా" అన్నారు రామకోటయ్యగారు. "వినకపోవడం నా తప్పు."

ముత్తమ్మ దడి దగ్గరికి వెళ్లి కొడవలితో పూత కొమ్మలు కోయడం మొదలుపెట్టింది.

పౌడర్ బ్రష్

తడిగుడ్డలో చుట్టిన కొమ్మలు ముగ్గురం తలా ఒక కట్ట మోసుకుని దిబ్బకు చేరాం. మొదట కొమ్మలను పొదల మీద దులిపాం. దుమ్ము గాలికి ఎగిరి మా జుట్టు మీద పడుతోంది గానీ పువ్వు మీద పడినట్టు నమ్మకం కలగలేదు. అప్పుడు నాకు నా పెట్టె గుర్తొచ్చింది.

బుగ్గలకు పౌడర్ అద్దే మెత్తటి బ్రష్‌లు అయిదున్నాయి. స్టీలు పళ్లెంలో పూత దులిపి, ఆ పసుపు పొడిలో బ్రష్ ముంచి, తల వంచుకున్న ఒక పువ్వును వేలితో ఎత్తి అద్దాను. పెళ్లికూతురి గడ్డం పట్టుకుని పైకెత్తినట్టే. అనసూయమ్మగారికి ఒకటి, ముత్తమ్మకు ఒకటి ఇచ్చాను. రామకోటయ్యగారు ఖరీదైన వస్తువేమో, తాను పాడుచేస్తారేమో అన్నారు. చేతిలో పెట్టాక మా అందరికంటే ఓపిగ్గా చేశారు. గట్టిగా రుద్దకూడదు, తాకీ తాకనట్టు అద్దాలని చెబితే, నాగలి పట్టిన ఆ చెయ్యి మెల్లమెల్లగా నేర్చుకుంది.

రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకున్న శ్రీను మధ్యాహ్నం లేచి బయటికి వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి. దిబ్బ మీద నలుగురు పెద్దవాళ్లు పొదలకు పౌడర్ అద్దుతూ కనపడ్డారు.

"ఏంది నాన్నా గిది? చెట్లకు మేకప్ ఏస్తున్రా?"

రామకోటయ్యగారు సంజాయిషీ ఇవ్వలేదు. "నీ చెట్లు నువ్వు పీకించుకో శ్రీనూ. నేనేం అడ్డం రాను. ఈ ఒక్క రోజూ మమ్మల్ని చెయ్యనీ" అన్నారు.

శ్రీను ముత్తమ్మను అడిగి విషయమంతా విన్నాడు. లోపలికి వెళ్లిపోయాడు. జేసీబీకి మాట ఇచ్చేశానని తల్లితో అన్నాడట. పొద్దు గుంకేదాకా మేం అద్దుతూనే ఉన్నాం. ఎలాగూ పోయే చెట్లకు ఈ శ్రమ ఎందుకని ఒకసారి అనిపించింది నాకు. మిగతా ముగ్గురినీ చూసి ఆ మాట పైకి అనలేదు.

సోమవారం ఏడింటికల్లా జేసీబీ వచ్చింది. రామకోటయ్యగారు పెరట్లోకి రాలేదు, వరండాలోనే వార్తాపత్రిక మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. పత్రిక తలకిందులుగా ఉందని ఎవరమూ చెప్పలేదు. జేసీబీ పెరటి దారిన దిబ్బ వైపు తిరిగింది. శ్రీను దాని ముందుకు నడిచి, దిబ్బ మొదట్లో ఆగి, చెప్పుతో మట్టిలో అడ్డంగా ఒక గీత గీశాడు.

"ఈడి దాకనే. ఇటు పల్లం చదును చెయ్. దిబ్బ జోలికి పోకు."

"నిన్న దిబ్బ కూడ అన్నవ్ గదన్నా" అన్నాడు డ్రైవర్.

"వానలు పడేదాక చూస్తం" అన్నాడు శ్రీను. తండ్రి వైపు చూడలేదు. వరండాలో పత్రిక మాత్రం కిందికి దిగింది.

భద్రాచలం

ఇంత దూరం వచ్చి రాముణ్ణి చూడకుండా పోతే మా ఇంట్లో ఊరుకోరు. ఆ మధ్యాహ్నమే భద్రాచలం వెళ్లాను. వంతెన మీద బస్సు నెమ్మదించింది. మాఘమాసపు గోదావరి సగం ఇసుక, సగం నీరు. అయినా మా పెన్న ఎన్నడూ అంత నీరు చూడలేదు. దర్శనం చేసుకుని, మెట్ల దగ్గర పది రూపాయల టీ తాగుతూ కూర్చున్నాను. పక్కన ఒక ముసలాయన నా చీర చూసి, "పసుపు పడ్డదమ్మా" అన్నాడు. కొంగు నిండా నిన్నటి పూత దుమ్ము. దులుపుకోబుద్ధి కాలేదు.

ఫోను

జూన్ మొదట్లో, తొలకరికి ముందు, శ్రీను ఫోటో పంపాడు. అనసూయమ్మగారి అరచేతిలో గోధుమరంగు గింజలు. అన్ని పొదలూ కాయలేదు. దిబ్బకు పడమటి పక్క ఉన్నవి మాత్రం కాశాయి. మొత్తం ఒక చెంబెడు వచ్చాయని రాశాడు. పల్లంలో పామాయిల్ మొక్కలు పెట్టేశాడు. దిబ్బ అలాగే ఉంది. ముత్తమ్మ తన దడిలోని పోతు కొమ్మలు తెచ్చి నాటింది. ఎక్కడెక్కడ నాటాలో ఆమే చెప్పింది, రామకోటయ్యగారు గుంతలు తవ్వారట.

ఆ సాయంత్రం ఫోన్ చేశాను. అనసూయమ్మగారు ఎత్తారు. గింజలు నాకు పంపిస్తే నూనె తీయించి పెడతానన్నాను.

"గింజలు ఇంకెక్కడివమ్మా? ముత్తమ్మ ఆవిరికి పెట్టి, రోట్లో దంచి, గుడ్డలో పిండేసింది. నాలుగు చెంచాల నూనె వచ్చింది."

"ఏం చేశారు మరి?"

వెనక ముత్తమ్మ నవ్వుతున్న శబ్దం వినిపిస్తోంది.

"నా మడమలు పగిలి ఉంటాయి కదమ్మా, ఎండాకాలం నడవలేను. ఈయన నన్ను గడప మీద కూర్చోబెట్టి, ఎవరు చూస్తున్నా లెక్కచేయకుండా, రెండు కాళ్లకూ రాశారు. వద్దంటే వినలేదు. పద్దెనిమిదేళ్లు పట్టింది, కదలకుండా కూర్చో అన్నారు."

నేనేదో అనబోయాను. అప్పటికే ఆవిడ ఫోన్ పక్కకు పెట్టి, "వస్తున్నానండీ" అంటూ ఎవరికో సమాధానం చెబుతోంది.